పుట్ట బంగారం కుండ

గోదావరిఖని,
నందన నామ సంవత్సరం, చైత్ర బహుళ సప్తమి.

తల్లి తరువాత నాకు తల్లివైన కనకక్కకు, నీ పాదాలకు మొక్కి తమ్ముడు రామకిష్టయ్య విన్నవించుకొనేది.

మన ఇంట ఇది శుభవేళ. అమ్మ నుంచి లెక్కపెడితే నాలుగో తరం ఆడపిల్ల, నీ కొడుకు కూతురు స్రవంతి, వచ్చే వైశాఖంలో పెండ్లిపీట మీద కూర్చోబోతున్నది. పెండ్లి అంటే ఇద్దరిని ఒకచోట చేర్చడం మాత్రమే కాదని పెద్దలు తెలుసుకున్నారు. అంతకు ముందు నేలను అడగాలి, నేల చేత ఔననిపించుకోవాలి. అందుకే మనవాళ్ళు పందిరి వేయక ముందే పుట్ట దగ్గరికి నడిచారు. పుట్టకు పాలు పోసి, పసుపు కుంకుమలు చల్లి, ఆ మన్నును బంగారమని పిలిచి, గంపకెత్తి, డప్పుల నడుమ ఇంటికి తెచ్చారు. అందులో నవధాన్యాలు మొలకెత్తిన తరువాతనే పిల్లను పందిరి కిందికి పిలిచారు. ఆ పుట్ట బంగారం మన పుట్టినూరి నుంచే రావాలని నీవు కోరావు. తెచ్చే పని నాకు అప్పగించావు. ఆ పని ఏమైందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఉత్తరంతో పాటు మా శ్రీనివాసు చేతికి ఒక కుండ ఇచ్చి పంపుతున్నాను. గుడ్డ విప్పి కుండను చూడక ముందే ఉత్తరం చదివించుకో. నీ కండ్లు మసకబారినవి కనుక స్రవంతే చదువుతుందని నాకు తెలుసు. చదవనీ. ఆ పిల్ల కూడా వినవలసిన సంగతే ఇది.

నీ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉన్నది? దవాఖానలో ఇచ్చిన గోలీలు వేళకు వేసుకుంటున్నావా? కోడలు, పిల్లలు క్షేమమని తలుస్తాను. గోదావరి అవతల మీ ఊరిలో ఎండలు ఎట్లా ఉన్నవో కాని, ఇక్కడ మాత్రం పొద్దున తొమ్మిది గంటలకే వాకిట్లో కాలు పెట్టలేము. నేను బాగానే ఉన్నాను. నా గురించి దిగులు పడకు.

నేను కరీంనగరం ఇల్లు విడిచి కొడుకు దగ్గరికి వచ్చి మూడు నెలలు దాటింది. రెండు గదుల క్వార్టరు, పైన రేకులు. రోజుకు మూడుసార్లు సైరను మోగుతుంది. ఇక్కడివారికి గడియారాలతో పని లేదు. శ్రీనివాసుకు బొగ్గుగనిలో నెలకు సగం రోజులు రాత్రి షిఫ్టు. పగలు వాడు నిద్రపోతాడు కనుక ఇంట్లో గొంతెత్తరాదు. ముప్పై ఏండ్లు తరగతి గదిలో రాగమెత్తి పద్యం చదివిన నేను ఇప్పుడు పెదవులు కదలకుండా లోపలే చదువుకుంటున్నాను. కొన్నాళ్ళకు ఆ పద్యాలు నా చెవికి కూడా వినిపించడం మానేసినవి. మధ్యాహ్నం బొగ్గుబావిలో బ్లాస్టింగు జరిగినప్పుడు గూట్లో గిన్నెలు గలగలమంటాయి. అప్పుడు వాడు ఒకసారి కండ్లు తెరిచి, మళ్ళీ అటు తిరిగి పడుకుంటాడు. తులసి ఆకు తెంపితే వేళ్ళకు మసి అంటుతుంది. కడిగి నోట్లో వేసుకుంటాను. కోడలు మంచిది. నాకోసం జొన్నరొట్టె చేస్తుంది. నీవు పంపిన చింతకాయ తొక్కు ఇంకా సగం జాడీ ఉన్నది. తిండికి లోటు లేదు. మాటకే లోటు. అయినా బాగానే ఉన్నాను.

ఆ మాట లోటును ఖాజామియా అనే ఆయన కొంత తీరుస్తున్నాడు. మా వెనుక వరుస క్వార్టరు. రెండేండ్ల కింద కొలువు దిగిపోయిన డంపర్ ఆపరేటరు. బొగ్గు మీద కప్పి ఉన్న మట్టిని, బండను ఎత్తుకుపోయే ఇల్లంత బండి ఉంటుందే, దానిని ఇరవై ఏండ్లకు పైగా నడిపిన మనిషి. సాయంకాలం చాయ్ హోటలు ముందు బల్ల మీద నాకు చోటు పట్టి ఉంచుతాడు. పద్యం చదవమంటాడు. అర్థం అడగడు. "మా బాబా ఖురాన్ చదివితె గూడ నాకు సమజ్ కాకపోయేది పంతుల్ సాబ్. కని ఇంటుంటె కడుపుల సల్లగుండేది" అంటాడు.

అక్కా, ఇప్పుడు పదిహేనేండ్ల వెనుకకు వెళ్ళాలి. నీకు గుర్తు లేక కాదు, నా నోట నేను చెప్పుకోవలసి ఉన్నది కనుక.

బొగ్గుగని కోసం మన ఊరు ఖాళీ చేసిన నాడు నీవు అత్తగారి ఊరి నుంచి వచ్చావు, నేను కరీంనగరం నుంచి వచ్చాను. ఇండ్ల తలుపులు, దూలాలు బండ్లకెక్కిస్తున్నారు. మన చేను మూలన నిలువెత్తు పుట్ట. అమ్మ పెండ్లికి, నీ పెండ్లికి, నీ బిడ్డల పెండ్లిళ్ళకు మన్నిచ్చిన పుట్ట. నీవు గంప, గడ్డపార పట్టుకొని అటు బయలుదేరావు. "తమ్మీ, ఒక్క గంపెడు తీస్కపోదాం రా, మనుమరాండ్లకు అక్కరకొస్తది" అన్నావు. నేను నవ్వాను. "మన్ను యాడికి పోతదే అక్కా? బొగ్గు తీస్కొని మల్ల పూడ్తరట. భూమి ఉండదా, మాయమైతదా?" అన్నాను. అంతటితో ఆగలేదు. పుట్ట భూమికి చెవి వంటిదని, దాని మన్ను యజ్ఞానికి కూడా పవిత్రమని శాస్త్రం చెప్పాను. చెవిని కోసి గంపలో పెట్టుకుపోతావా అని అందరి ముందు ఎగతాళి చేశాను. చదువుకున్నవాడు చెబుతున్నాడని గంప బోర్లించి, దాని మీదనే కూర్చున్నావు.

మొన్నటి మాఘంలో స్రవంతికి సంబంధం కుదిరినప్పుడు నీవు ఫోను చేసి, "మన ఊరి మీద ఇప్పుడు చెట్లు వెట్టిన్రట గద, పార్కు జేసిన్రట గద. నువ్వు అన్నట్టే అయింది తమ్మీ, భూమి మల్ల వచ్చింది. పోయి పుట్ట బంగారం తీస్కరా" అన్నావు. ఎత్తిపొడుపు లేదు నీ గొంతులో. నిజంగానే నా మాట నిలిచిందని సంతోషించావు. నేనూ సంతోషించాను. పదిహేనేండ్లుగా గుచ్చుకుంటున్న ముల్లు ఊడిపోయినట్టే అనిపించింది. తప్పక తెస్తానని మాట ఇచ్చాను.

ఖాజామియాతో చెబితే చేతిలోని చాయ్ సాసరును బల్ల మీద పెట్టాడు.

"తోలుకపోత పంతుల్ సాబ్. కని పుట్ట ఉంటదని అయితె నేను చెప్ప."

రెండు వారాల కింద ఆదివారం పొద్దున ఆటోలో వెళ్ళాము. నా సంచిలో పాలసీసా, పసుపు, కుంకుమ, ఒక చిన్న తాపీ పెట్టుకున్నాను. గేటుకు రెండు పక్కలా సిమెంటు జింకలు. పైన ప్రకృతి వనమని పెద్ద అక్షరాల బోర్డు. మన ఊరి పేరు ఎక్కడైనా ఉంటుందేమోనని అంతా చదివాను, లేదు. గేటు దగ్గరి మనిషి మమ్మల్ని చూసి, "ముసలోళ్ళకు టికెట్ లేదు, పోండ్రి" అన్నాడు.

"ముసలోళ్ళెవలు? నా మీసం సూడు, ఇంకా నల్లగనే ఉన్నది" అన్నాడు ఖాజామియా.

"రంగేస్తె నాది గూడ నల్లగనే ఉంటది చిచా."

నవ్వుకుంటూనే లోపలికి నడిచాము. ఆ నవ్వు ఎంతో దూరం రాలేదు.

అబద్ధం ఆడను, చెట్లు ఉన్నవి. కానుగ, సుబాబుల్, నీలగిరి. అన్నీ ఒకే వయసువి, ఒకే ఎత్తువి, బడిలో పిల్లలను నిలబెట్టినట్టు వరుసలలో ఉన్నవి. ఎండుటాకుల మీద నెమలి పరుగెత్తడం చూశాను. బొగ్గు తీసిన చివరి గోయిలో నీరు నిలిచి చెరువైంది. నీటికోళ్ళు ఈదుతున్నవి. కాని ఆ నీటికి గట్టు లేదు, మెట్టు లేదు. కంచె పక్క నుంచే నిలువుగా లోతులోకి దిగిపోతుంది. మన చెరువులో బర్రెలు దిగిన చోటు, బట్టలుతికిన బండ ఎక్కడుండేవో కండ్లు వాటంతట అవే వెతుకుతున్నవి. పిల్లలతో వచ్చినవారు ఫోటోలు దిగుతున్నారు. వారికి అది అందమైన చోటే. వారిని నేనేమీ అనను. ఒకచోట బండల పగులు నుంచి సన్నని పొగ వస్తున్నది. చెయ్యి పెడితే వెచ్చగా, గంధకం వాసన. లోపల మిగిలిన బొగ్గు తనంతట తానే కాలుతున్నదని ఖాజామియా చెప్పాడు.

గని నుంచి తోడిపోసిన మట్టిగుట్ట పైకెక్కాక నేను అడిగాను. "మన ఊరు ఇక్కడి నుంచి ఏ పక్కకు వస్తుంది?"

ఆయన చెయ్యి ఏ పక్కకూ చాపలేదు. చెప్పు కాలితో నేలను మెల్లగా తట్టాడు.

"పక్కకు కాదు సాబ్. కిందికి. పది, పదిహేను తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలవెడితె ఎంతనో, అంత కిందికి."

నాకు వెంటనే బోధపడలేదు. అప్పుడాయన రాతి మీద కూర్చొని చెప్పాడు. "పైమన్ను ముందుగాల తీసి పక్కకు కుప్ప వెట్టాలె. బొగ్గు అయిపోయినంక మల్ల పైన పర్వాలె. అది కాయిదం మీది మాట. మాకు గట్లనే చెప్పిన్రు. నెల దినాలు గట్లనే చేసినం. తర్వాత మట్టి పని పట్టిన కాంట్రాక్టర్ వచ్చి, జల్ది కావాలె, ఏడ గుంత దగ్గరుంటె ఆడ పొయ్యుండ్రి అన్నడు. మీ ఊరి మన్ను అందరికన్న ముందు లేచింది, అందరికన్న ముందే గుంతల పడ్డది. దాని మీద బండ పోసినం. బండ మీద బండ. గిప్పుడు మనం కూసున్న రాయి ఉన్నది సూడు, గిది అప్పుడు అడుగున, బొగ్గు పక్కన ఉండె."

నేను ఆ రాతిని చేత్తో తడిమాను. ఆయనే మళ్ళీ అన్నాడు.

"మీ పుట్ట నాకు యాదికున్నది పంతుల్ సాబ్. పసుపు, కుంకుమ, ఎండిపోయిన పూలు. మిషన్ ఆపరేటర్, 'నేను చెయ్యి వెట్ట' అని దిగి దూరం నిలవడ్డడు. ఇంకొకడు వచ్చి తీసిండు. నాకేం ఫికర్, మాది కాదు గద అనుకున్న. నా బండిల్నే పోయింది. గంత పెద్ద పుట్ట, మిషన్ బకెట్ల సగం గూడ రాలే. మా అమ్మీ పోయిన నాడు ఖబ్రస్తాన్ల పిడికెడు మన్ను వేసి చెయ్యి దులుపుకుంటుంటె గది యాదికొచ్చింది. అప్పటిదాంక రాలే."

పాతాళానికి పోయిన భూమిని దేవుడు పైకెత్తి నిలిపిన కథను ముప్పై ఏండ్లు పిల్లలకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా ఒళ్ళు పులకరించేది. ఆ గుట్ట మీద నిలబడితే ఆ కథ తలకిందులుగా కనిపించింది. ఇక్కడ పాతాళం పైకి వచ్చి ఎండలో కూర్చున్నది. భూమి కిందికి పోయింది. పొద్దున లేచి పాదం మోపే ముందు భూమిని మన్నించమని అడుగుతాను కదా, ఆ మాట ఇక్కడ ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

అయినా ఆశ చావలేదు. గుట్ట దిగుతూ ప్రతి చెట్టు మొదలూ చూస్తూ వచ్చాను, ఎక్కడైనా చిన్న పుట్ట లేచిందేమోనని. అక్కడ ఒక ముసలమ్మ రబ్బరు గొట్టంతో చెట్లకు నీళ్ళు పెడుతున్నది. నన్ను చూసి గొట్టం నేల మీద పెట్టింది.

"ఎవలు? మన రామకిష్టయ్య సారువు గాదుల్లా?"

అక్కా, ఆమె మన వాడకట్టు మల్లవ్వ. నీ ఈడుది. నీతో కలిసి బతుకమ్మ ఆడిన మల్లవ్వ. ఊరోళ్ళకిచ్చిన కొత్త కాలనీలో ఉంటున్నది. తాను నాగలి పట్టించిన నేల మీదనే ఇప్పుడు కూలికి నీళ్ళు పెడుతున్నది. నీ క్షేమం అడిగింది, నీ కండ్ల సంగతి చెప్పాను. తరువాత నా చేతిలోని పాలసీసాను, తాపీని చూసింది. ఆమెకు వేరే చెప్పవలసిన పని లేకపోయింది.

"పుట్ట దేవులాడుతున్నవా సారూ? అప్పుడు నవ్వితివి గద."

నేను తలవంచుకున్నాను.

"మన్ను యాడికి పోతదే అక్కా అంటివి. నేను మీ పక్కనే ఉంటి. సదువుకున్నాయన చెప్తుండు గదాని మీ అక్క గంప బోర్లిచ్చింది. నేను సదువుకోలే. నేను నింపుకున్న."

"ఉన్నదా మల్లవ్వా ఇంకా?" అన్నాను.

"యాడిది? కుండల వోసి ఇంట్ల వెట్టిన. కాలనీల ఎవలింట్ల పెండ్లయినా పిడికెడు తీస్కపోయిన్రు. పదిహేనేండ్లాయె. మొన్న మాఘంల మా ఇంటెన్క పిల్ల పెండ్లికి గోకి గోకి ఇచ్చిన. ఒడిసింది."

"ఈ పార్కులో ఎక్కడా పుట్ట లేదా?"

"పుట్టనా! గీ చెట్లకు గూడ గుంత తీసి, బయటికెల్లి ఎర్రమన్ను తెచ్చి పోస్తెనే బతికినయి. గీ బూడిద మన్నును చెద గూడ ముట్టది."

అక్కడి నుంచి కదలబోతుంటే ఖాజామియా నా చెయ్యి పట్టుకొని ఆపాడు. "పంతుల్ సాబ్, నేనొకటి చెప్త, తప్పనుకోకు. గీడ ఇంత మన్ను తీస్కపో. మన్ను మన్నే. మీ అక్కకు, ఆపాకు ఖుషీ అయితది. ఎవలు చెప్తరు?" అన్నాడు. నా బాధ చూడలేకనే అన్నాడు. మల్లవ్వకు ఆ మాట వినిపించింది. "తీస్కపో సారూ. మీ అక్కకు కండ్లు కనవడయి గద" అన్నది. అది కొరడా దెబ్బ అని తెలిసి కూడా నేను వంగి తాపీతో సంచి నింపుకున్నాను. ఆ మన్నుకు పాలు పోయలేదు. ఆ పాటి సిగ్గు మాత్రం మిగిలింది.

ఆ సాయంకాలమే నీవు ఫోను చేశావు. "దొరికిందారా?" అన్నావు. "దొరికిందక్కా" అన్నాను. తరువాత ఎవరికో చెబుతున్నావు, "మా ఊరి మన్ను దొరికిందట, మా తమ్ముడు తెచ్చిండట" అని. నేను ఫోను పెట్టేశాను. లైను పోయిందని నీవు అనుకొని ఉంటావు. లైను పోలేదక్కా.

నాకు దొరకలేదు. ఆ మాట అబద్ధం. ఈ ఉత్తరం ఈ ఒక్క వాక్యం కోసమే మొదలుపెట్టాను. ఇంత దూరం తిరిగి గాని దీని దగ్గరికి రాలేకపోయాను.

ఆ మన్నును నీకు పంపడానికి నాలుగు రోజులు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అంతా భూమే కదా, భేదం మనసులోనే కదా అని నాకు తెలిసిన వేదాంతమంతా నాకే వినిపించుకున్నాను. చివరికి ఒక మూకుడులో ఆ మన్ను, ఇంకొక మూకుడులో తులసికోట మన్ను వేసి రెండింటిలోనూ పెసలు చల్లి నీళ్ళు పోశాను. మూడో నాడు తులసి మన్నులో పచ్చని మొలకలు తలలెత్తినవి. పార్కు మన్నులో గింజలు ఉబ్బి, నల్లబడి, పగిలి, అంతటితో ఆగిపోయినవి. పైన తెల్లగా పొర కట్టింది. కోడలు వంగి చూసి, "గీ మన్నుల ఉప్పున్నట్టున్నది మామయ్యా, దీంట్ల ఏం మొలుస్తది?" అన్నది. ఆ పిల్లకు సంగతి తెలియదు. నాకు మాత్రం పందిరి కింద మొలకెత్తని ధాన్యం ముందు కూర్చున్న స్రవంతి కనిపించింది. చుట్టూ నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్న ఆడవాళ్ళు కనిపించారు. తన ఊరి మన్నే తన మనుమరాలిని కాదన్నదని కుమిలిపోతున్న నీవు కనిపించావు. సంచి తీసుకెళ్ళి బాటపక్కన గుమ్మరించి వచ్చాను.

మరునాడు ఒక్కడినే కాలనీకి వెళ్ళాను. మల్లవ్వ గడప మీద కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నది. చేట మీది నుంచి తల ఎత్తకుండానే అడిగింది.

"కుండ అడుగుదామని వచ్చినవా, తప్పు ఒప్పుకుందామని వచ్చినవా?"

"రెండింటికీ."

"ఖాళీ కుండతోని ఏం జేస్తవు?"

ఏం చెయ్యాలో అప్పటికి నాకే తెలియదు. ఆమె లేచి లోపలికి వెళ్ళి, ఉట్టి మీది నుంచి కుండ దించి తెచ్చింది. చూడగానే గుర్తుపట్టాను. మన ఊరి కుమ్మరి చేసిన కుండ. మెడ దగ్గర రెండు గీతలు, వాటి మీద బొటనవేలితో నొక్కిన చుక్కలు. మన ఊరిలో నీళ్ళు తాగిన వాళ్ళెవరూ ఆ గుర్తు మరిచిపోరు. మన చెరువు నల్లమట్టితో చేసిన కుండ అక్కా అది. ఆ చెరువు లేదు, కుండలు కాల్చిన ఆ ఆవం లేదు, ఆ కుమ్మరి కూడా లేడు. లోపల అడుగున, పక్కలకు సన్నగా ఎర్రని పొర అంటుకొని ఉన్నది.

"కడగలే. కడుగబుద్ధి కాలే" అన్నది మల్లవ్వ.

ఆ మాట విన్నాక నా చేతులు వాటంతట అవే జోడించుకున్నవి. ఎందరో పిల్లల చేత మొక్కించుకున్న పంతులును, ఆమె కాళ్ళకు మొక్కాను. ఆమె కంగారుపడి వెనక్కి జరిగింది. "గిదేంది సారూ, నాకు పాపం అంటగడ్తవా? ముందుగాల కుండ సక్కగ వట్టుకో, కింద వడేస్తవు" అన్నది. ఆమె ముఖంలో నవ్వు వచ్చింది. నాకోసం వచ్చిన నవ్వు అది. పదిహేనేండ్ల కింద నేను నవ్విన నవ్వు వంటిది కాదు.

కుండ ఊరికే ఇవ్వలేదు. ఒక మాట తీసుకున్నది. అది నీకు చెబుతున్నాను, నీవు తీర్చవలసిన మాట కనుక. "కనకవ్వకు చెప్పు. వాళ్ళూరి పుట్ట బంగారం దీంట్ల వోసి పిల్ల పెండ్లి చెయ్యుమను. పదారొద్దుల పండుగ అయినంక కుండను గట్లనే నిండుగ నాకు పంపుమను. కాలనీల ఇంకా ఐదారుగురు ఆడివిల్లలున్నరు. గీ పక్కల ఏడ మన్ను అడుగుదుము? మా మన్ను మీ పిల్లకు కాలేదు. మీ మన్నన్న మా పిల్లలకు కావాలె."

అక్కా, అందుకే కుండను ఖాళీగా పంపుతున్నాను. మీ ఊరి పొలిమేర పుట్ట దగ్గరికి వెళ్ళు. నీవు యాభై ఏండ్లకు పైగా తాగిన నీరు ఆ నేలదే. నీ కొడుకులు పుట్టిన నేల అది. మన అమ్మకు మన పుట్ట ఎంతో స్రవంతికి అది అంత. పాలు పోసి అడుగు, కాదనదు. ఆ మన్ను ఈ కుండలో పొయ్యి. కడగకు. లోపల ఎర్రగా అంటుకొని ఉన్నదే, అదే మన చేను మూలన లేచిన పుట్ట. లోకంలో మిగిలినది అంతే. చెయ్యి లోపలికి పెట్టి తడుము, కండ్లకు కనిపించకున్నా నీ వేళ్ళకు తెలుస్తుంది. గడ్డపార పట్టే పని నన్ను చెయ్యనిస్తావా? పెండ్లికి ఐదు రోజుల ముందే వస్తాను. అప్పుడు నిన్ను చెయ్యనీయని పని ఇప్పుడు నీ వెంట నడిచి చేస్తాను. వద్దంటే పందిరికి గుంజలు పాతుతాను, ఏ పని చెప్పినా చేస్తాను.

నన్ను మన్నించమని అడగడానికి ఏ శాస్త్రం నుంచీ మాట దొరకడం లేదు. నీ పుట్ట మన్నును కాదన్నవాణ్ణి, నీతో అబద్ధం ఆడినవాణ్ణి. తిట్టాలనిపిస్తే శ్రీనివాసుతో చెప్పి పంపు, దాచకుండా చెబుతాడు.

ఇక చిన్న పనులు. వచ్చేటప్పుడు శ్రీనివాసుకు మీ ఇంటి కుంకుడుకాయలు కొన్ని ఇవ్వు, ఈ మసి మరి దేనికీ వదలడం లేదు. ఖాజామియాకు పెండ్లి పిలుపు నీ పేర పంపాలి. ఆపా పిలిస్తే తప్ప రానంటున్నాడు, పిలిస్తే మాత్రం రాకుండా ఉండలేడు. మీ ఇంటి పెద్దలందరికీ నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నా ఆరోగ్యం బాగానే ఉన్నది. నిజంగానే. ఈ ఒక్కసారి నమ్ము.

నీ దీవెన కోసం తల వంచి ఉన్న,
తమ్ముడు రామకిష్టయ్య.

అమ్మా స్రవంతీ, ఇంతవరకు అవ్వ కోసం చదివావు. ఇక్కడి నుంచి నీది. నీ పెండ్లికి పద్యం రాస్తానని ఎప్పుడో మాట ఇచ్చాను. మూడు నెలలుగా పెదవి దాటని గొంతుతో, నిన్న తులసికోట దగ్గర బిగ్గరగా చదివి చూసుకున్నాను. శ్రీనివాసు నిద్ర లేచి వచ్చి, కోప్పడకుండా నిలబడి విన్నాడు.

మట్టి లేని యూరి మట్టికుండయె నీకు
పుట్టినింటి కాన్క, పుత్రి! గొనుము;
మొలక లెత్తునట్లు మురియుచు నీ యింట
పిల్ల పాప లెదిగి వెలయ వలయు.

నీవు నింపి పంపిన కుండలో రేపు ఏ ఆడపిల్ల చెయ్యి పెడుతుందో, ఆమె పేరు నాకు తెలియదు. ఆమె ధాన్యం పచ్చగా మొలకెత్తుగాక. ఆమె బిడ్డలకు ఊరు ఉండుగాక.